ఆరు డిగ్రీల మంచం

మన ఇళ్లలో ఎవరికైనా కాళ్లు బాగా వాస్తే మంచానికి కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెడతారు. రెండు మూడు ఇటుకలు పేరిస్తే ఆ వైపు జానెడు ఎత్తు లేస్తుంది. రెండు మీటర్ల పొడవున్న మంచానికి జానెడు ఎత్తంటే లెక్కకు ఇంచుమించు ఆరు డిగ్రీల వాలు. జర్మనీలోని కొలోన్ నగరంలో, విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న ఒక పరిశోధనాలయంలో సరిగ్గా ఇంత వాలున్న మంచాలు ఉన్నాయి. వాటి మీద పడుకునేది రోగులు కాదు. ఒంట్లో ఏ జబ్బూ లేని స్త్రీపురుషులు, తమంతట తాము ఒప్పుకుని, తల కిందికీ కాళ్లు పైకీ ఉండేలా 30 రోజులో 60 రోజులో అలాగే ఉండిపోతారు.

అక్కడి నియమాలు కఠినం. తలగడ ఇవ్వరు. లేచి కూర్చోవడం ఒక్కసారి కూడా కుదరదు. పక్కకు తిరిగినా, పుస్తకం అందుకున్నా, కనీసం ఒక భుజం పరుపును తాకుతూనే ఉండాలి. భోజనం పడుకునే. మలమూత్రాలు పడుకునే. స్నానం చేయించాలంటే చక్రాల బల్ల మీదికి జరిపి, దాన్ని కూడా ఆరు డిగ్రీల వాలులోనే ఉంచి, తీసుకెళతారు. తినే ప్రతి పదార్థాన్నీ తూకం వేసి పెడతారు. పళ్లెంలో మిగల్చడానికి వీల్లేదు. వచ్చిన మూత్రాన్నంతా కొలిచి భద్రపరుస్తారు. ఎందుకింత శ్రమ? వీళ్లు భూమిని వదలకుండానే అంతరిక్ష ప్రయాణం చేస్తున్నారు. వాళ్ల ఎముకలు, కండరాలు, గుండె, కళ్లు నెమ్మదిగా వ్యోమగామి శరీరంలా మారుతుంటాయి.

ఆ పరిశోధనాలయం పేరు ఎన్విహాబ్. పర్యావరణం, ఆవాసం అనే అర్థాలిచ్చే రెండు మాటలను కలిపి పెట్టిన పేరిది. జర్మనీ జాతీయ వైమానిక, అంతరిక్ష పరిశోధనా కేంద్రమైన డీఎల్ఆర్‌లో ఒక భాగంగా 2013లో ఇది మొదలైంది. డీఎల్ఆర్ మూలాలు 1907లో గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్ ఆధ్వర్యంలో వెలిసిన గాలి ప్రవాహ ప్రయోగశాల దాకా వెళతాయి. విమానం రెక్క మీద గాలి ఎలా పారుతుందో ప్రపంచానికి లెక్క కట్టి చెప్పిన మనిషి ఆయన. ఇప్పుడా సంస్థ దేశమంతటా ఇంచుమించు ముప్పై చోట్ల విస్తరించింది. దాని ప్రధాన కార్యాలయం ఉన్న కొలోన్ ఆవరణలోనే ఐరోపా అంతరిక్ష సంస్థ వారి వ్యోమగాముల కేంద్రం కూడా ఉంది. 1990లో నెలకొల్పారు. అంటే వ్యోమగామికి చదువు చెప్పే బడి, ఆ వ్యోమగామి ఒంటిని చదివే ప్రయోగశాల ఒకే ప్రహరీలో పక్కపక్కన ఉన్నాయి. ఈ ఇరుగుపొరుగుతనం చాలా విలువైనదని నా అభిప్రాయం. 2014 నవంబరులో వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ కజకిస్తాన్ గడ్డి మైదానంలో దిగగానే అతన్ని నేరుగా విమానంలో ఇక్కడికే తెచ్చారు. 2022 మేలో మథియాస్ మౌరర్ కూడా సముద్రంలో దిగిన తరువాత ఇక్కడికే వచ్చాడు. ఒళ్లు భూమికి మళ్లీ అలవాటు పడే తొలి గంటలు చేజారితే ఆ కొలతలు ఇంకెప్పటికీ దొరకవు.

అయితే ఆరు డిగ్రీలే ఎందుకు? దీని వెనక ఒక మంచి కథ ఉంది. 1970 జూన్‌లో సోవియట్ వ్యోమగాములు నికొలాయెవ్, సెవస్త్యానొవ్ సోయుజ్-9లో దాదాపు 18 రోజులు గడిపి వచ్చారు. అప్పటికి అదే రికార్డు. ఇరుకైన ఆ నౌకలో వ్యాయామానికి చోటు తక్కువ. దిగాక వాళ్లు తమ కాళ్ల మీద నిలబడలేకపోయారు, మోసుకెళ్లాల్సి వచ్చింది. మనిషి అంతరిక్షంలో ఎక్కువకాలం ఉండగలడా అన్న సందేహం నిజంగానే మొదలైంది ఆ రోజున. ఆ దశాబ్దంలోనే తిరిగొచ్చిన వ్యోమగాములు వైద్యులకు ఒక వింత ఫిర్యాదు చేశారు: సమంగా ఉన్న మంచం మీద పడుకుంటే కాళ్లవైపుకు జారిపోతున్నట్టుంది అని. కాళ్లవైపు ఎత్తు పెంచితే ఆ జారుడు తగ్గింది. అంటే వాళ్ల శరీరానికి 'సమం' అన్న లెక్కే మారిపోయింది. మంచాన్ని ఇలా తలవైపు కిందికి వాలిస్తే భూమి మీద ఉన్నవాళ్ల శరీరంలో కూడా అంతరిక్షంలో జరిగే మార్పులే వస్తాయని తేలింది. తరువాత రకరకాల వాలులను పరీక్షిస్తూ పోగా, మనిషి వారాల తరబడి భరించగలిగి, ఫలితం కూడా స్పష్టంగా కనిపించే వాలుగా ఆరు డిగ్రీలు స్థిరపడింది. 1986లో మాస్కోలో మొదలైన ఒక ప్రయోగంలో కొందరు ఇలా తల కిందికి వాల్చి 370 రోజులు పడుకున్నారు. ఏడాది పైన!

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది మన తలపైన సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ భూమి ఆకర్షణ మాయమైపోదు. నేల మీద ఉన్నదాంట్లో ఇంచుమించు 90 శాతం అక్కడా ఉంటుంది. కేంద్రం, అందులోని మనుషులు, వాళ్ల చేతిలోని చెంచా, అన్నీ కలిసి ఒకే వేగంతో భూమి చుట్టూ పడిపోతూ ఉంటాయి. తెగిన లిఫ్టులో నిలబడ్డవాడి పాదాలకు అడుగు తగలదు కదా, అలాగ. ఆకర్షణ ఉంది, కానీ దాన్ని ఎదిరించి మనల్ని పైకి నెట్టే నేల లేదు. మన శరీరం ఎరిగిన బరువంటే ఈ నేల ఎదురు నెట్టుడే. పాదం నుంచి పుర్రె దాకా ప్రతి ఎముకా ఆ నెట్టుడును ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటుంది. అది ఆగిపోతే ఏమవుతుందన్నదే కొలోన్ మంచాలు అడిగే ప్రశ్న.

మొదట కదిలేది నీరు. మనం నిలబడినప్పుడు రక్తం, ఒంట్లోని ఇతర ద్రవాలు కాళ్లలోకి దిగుతాయి. వాటిని పైకి తోలడానికి పిక్కల కండరాలు, సిరల్లోని కవాటాలు, గుండె నిత్యం పనిచేస్తుంటాయి. పిక్కను రెండో గుండె అనడం అందుకే. అంతరిక్షంలో కిందికి లాగేది లేకపోవడంతో దాదాపు రెండు లీటర్ల దాకా ద్రవం కాళ్లను వదిలి ఛాతీకి, తలకు చేరుతుంది. ముఖం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, కాళ్లు కొంగ కాళ్లలా సన్నబడతాయి. మెడలోనూ గుండె దగ్గరా ఉన్న ఒత్తిడి కొలిచే నాడులు 'ఒంట్లో నీరు ఎక్కువైంది' అని తప్పుగా అర్థం చేసుకుంటాయి. శరీరం రక్తంలోని నీటి భాగాన్ని తగ్గించేస్తుంది. అక్కడున్నంత కాలం ఇబ్బంది లేదు. తిరిగొచ్చి నిలబడగానే ఉన్న కాస్త రక్తం కాళ్లలోకి జారుతుంది, మెదడుకు చాలదు, కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆరు డిగ్రీల మంచం మీద కూడా మొదటి రోజుల్లోనే ఇదే వరస మొదలవుతుంది.

తరువాతది కండరాల వంతు. అన్ని కండరాలూ ఒకేలా క్షీణించవు. చేతులకు అంత నష్టం ఉండదు. మనల్ని నిటారుగా నిలబెట్టడానికే పుట్టిన పిక్క లోపలి కండరం, తొడ ముందు భాగం, వెన్ను వెంబడి సాగే కండరాలు ముందుగా కరుగుతాయి. ఎముకల సంగతి ఇంకా గంభీరమైనది. ఎముక రాయిలా కదలక పడి ఉండే వస్తువు కాదు. ఒక పక్క కూల్చే కణాలు, ఇంకో పక్క కట్టే కణాలు రాత్రింబవళ్లు పనిచేసే ఇల్లది. నడిచినప్పుడల్లా ఎముకలో పుట్టే సూక్ష్మమైన వంపును లోపలి కణాలు పసిగట్టి, ఇక్కడ కట్టండి అని కబురు పంపుతాయి. అడుగు పడకపోతే కబురు లేదు. కూల్చేవాళ్లు మాత్రం పని ఆపరు. తగిన వ్యాయామం లేకపోతే తుంటి వంటి బరువు మోసే ఎముకల్లో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం ఖనిజం తగ్గిపోతుంది. ముట్లుడిగిన స్త్రీలు ఏడాదిలో పోగొట్టుకునేంత ఎముక వ్యోమగామి ఒక్క నెలలో పోగొట్టుకుంటాడన్న మాట. కరిగిన కాల్షియం రక్తంలోకి, అక్కడినుంచి మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్లకు దారి తీయవచ్చు. మూత్రాన్నంతా కొలిచి ఎందుకు దాస్తారో ఇప్పుడు తెలుస్తుంది: అందులో కొట్టుకుపోతున్నది ఆ మనిషి అస్థిపంజరమే.

అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లు రోజుకు సుమారు రెండున్నర గంటలు వ్యాయామానికే కేటాయిస్తారు. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తాలంటే భుజాలకూ నడుముకూ సాగే పట్టీలు తగిలించుకుని తమను తామే కిందికి లాక్కోవాలి. అంత కష్టపడ్డా పూర్తి రక్షణ లేదు. 17 మంది వ్యోమగాములను పరిశీలించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తిరిగొచ్చిన ఏడాదికి కూడా చాలామందికి మోకాలి కింది పెద్ద ఎముక పూర్వ స్థితికి రాలేదని తేలింది. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో మిగిలిపోయిన ఆ లోటు భూమి మీద పదేళ్ల వయసు మీదపడినంత. అంగారకుడి మీదికి ఒక్క వైపు ప్రయాణానికే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. అక్కడ దిగాక చెయ్యిచ్చి లేపేవాళ్లు ఎవరూ ఉండరు.

అందుకే కొలోన్‌లో విరుగుడును కూడా వెతుకుతారు. ఆ వెతుకులాటలో రెండు ప్రయోగాలను ఇక్కడ చెప్పుకోవాలి. మొదటిది దూకుడు. 2015, 2016 సంవత్సరాల్లో 60 రోజుల మంచం ప్రయోగంలో కొందరిని ఒక ప్రత్యేకమైన జారుడు బండి మీద పడుకోబెట్టారు. మనిషి పడుకునే ఉంటాడు, కానీ పాదాల ముందున్న పలకను తన్ని వెనక్కి ఎగురుతాడు. యంత్రం అతన్ని దాదాపు శరీర బరువంత బలంతో మళ్లీ పలకవైపు లాగుతుంది. పిల్లలు తాడాట ఆడేటప్పుడు గెంతుతారే, ఆ తరహా గబగబా గెంతులు. వారానికి ఐదారు సార్లు, ప్రతిసారీ కొద్ది నిమిషాలే. రెండు నెలల తరువాత చూస్తే గెంతినవాళ్ల కాళ్లలో కండ, బలం దాదాపు నిలిచి ఉన్నాయి. ఊరికే పడుకున్నవాళ్లవి స్పష్టంగా తగ్గాయి. గంటల తరబడి చేసే నెమ్మది వ్యాయామం కంటే క్షణకాలం పడే గట్టి తాకిడిని ఎముక, కండరం ఎక్కువగా గుర్తిస్తాయని ఈ ఫలితం సూచించింది.

రెండోది సెంట్రిఫ్యూజ్. 2019లో నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ, డీఎల్ఆర్ కలిసి 24 మందిని 60 రోజులు పడుకోబెట్టాయి. వాళ్లలో కొందరిని రోజూ 30 నిమిషాలు పొట్టి చేతుల సెంట్రిఫ్యూజ్ మీద తిప్పారు. తల మధ్యలో, పాదాలు అంచున. జాతరలో రంగులరాట్నం తిరిగేటప్పుడు మనల్ని బయటికి తోసే బలం ఉంటుంది కదా, అదే ఇక్కడ కృత్రిమ బరువవుతుంది. శరీరం నడిమి భాగం దగ్గర భూమి మీద ఉన్నంత బరువు, పాదాల దగ్గర దానికి రెట్టింపు. కథల్లో, సినిమాల్లో చక్రంలా తిరిగే వ్యోమనౌకలు ఎన్నో చూశాం కనుక ఈ ప్రయోగం మీద ఆశలు ఎక్కువగా ఉండేవి. ఫలితం ఆశించినంత రాలేదు. రోజుకు అరగంట తిప్పుడు కండరాల, ఎముకల నష్టాన్ని ఆపలేకపోయింది. ఇలాంటి ఫలితాన్ని కూడా దాచకుండా ప్రచురించడం నాకు ఈ కేంద్రం మీద గౌరవాన్ని పెంచింది. ఇరవైనాలుగు మంది తమ జీవితంలో మూడు నెలలు ఇచ్చి 'ఇది చాలదు' అన్న ఒక్క మాటను నిర్ధారించారు. ఆ మాట తెలియకుండా కోట్లు పోసి తిరిగే నౌక కడితే ఎంత నష్టమో!

కళ్ల విషయం కూడా క్లుప్తంగా చెప్పాలి. నెలల తరబడి అంతరిక్షంలో ఉన్నవాళ్లలో చాలామందికి కంటి నరం మొదలు దగ్గర వాపు, కనుగుడ్డు వెనక చదునవడం వంటి మార్పులు కనబడ్డాయి. భూమి మీద మంచం ప్రయోగాల్లో చాలాకాలం ఇవి కనిపించలేదు. 2017లో కొలోన్ పరిశోధకులు తలగడను పూర్తిగా నిషేధించి, గదిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను అంతరిక్ష కేంద్రంలో ఉన్నట్టు 0.5 శాతానికి పెంచి, 11 మందిని 30 రోజులు ఉంచారు. ఐదుగురికి కంటి నరం వద్ద వాపు వచ్చింది. భూమి మీద ఆ జబ్బును తొలిసారిగా అంత స్పష్టంగా పుట్టించగలిగారు. ఒక జబ్బును పుట్టించగలిగితేనే దాని మందును పరీక్షించడానికి దారి దొరుకుతుంది.

ఇదంతా నేను చదవడం మొదలుపెట్టింది వ్యోమగాముల కోసం కాదు. మూడేళ్ల కిందట మా నాన్నకు తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి తెచ్చాక మా అందరి ప్రేమ ఒక్క మాటలోకి చేరింది: కదలొద్దు. పక్కింటి పిన్నిగారు రోజూ వచ్చి "అన్నయ్యగారూ, కాలు కింద పెట్టకండి, అమ్మాయి అన్నీ మంచం దగ్గరికే తెస్తుందిగా" అని చెప్పి వెళ్లేవారు. ఆస్పత్రి చీటీలో 'విశ్రాంతి' అని ఒక్క ముక్క రాసి ఉంది. ఎన్నాళ్లో, ఎలాగో లేదు. మేమూ అడగలేదు. నెల తిరిగేసరికి ఆయన పంచె కింద పిక్కలు చూసి నేను ఉలిక్కిపడ్డాను. పొలం గట్ల మీద పరుగెత్తిన కాళ్లవి. చర్మం కింద ఎముక ఆనవాలు తెలుస్తోంది. విరిగిన కాలే కాదు, బాగున్న కాలు కూడా అలాగే చిక్కిపోయింది.

అప్పుడు చదివిందే డల్లాస్ ప్రయోగం కథ. 1966లో అమెరికాలో ఐదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం మీద ఉంచారు. గుండె ఊపిరితిత్తులు కలిసి శ్రమకు తట్టుకునే సామర్థ్యం పావు వంతుకు పైగా పడిపోయింది. అదే ఐదుగురిని ముప్పై ఏళ్ల తరువాత, యాభై ఏళ్ల వయసులో, మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు వాళ్ల నుంచి తీసుకున్నదాని కంటే ఆనాటి మూడు వారాల మంచం తీసుకున్నదే ఎక్కువ! గుండెపోటు వచ్చినవాళ్లను వారాల తరబడి కదలనివ్వకుండా ఉంచే పాత పద్ధతి పోవడానికి దోహదం చేసిన అధ్యయనాల్లో ఇదొకటి. 'మంచం పట్టాడు' అంటాం మనం. మనిషి మంచాన్ని పట్టుకున్నాడో, మంచమే మనిషిని పట్టుకుందో ఆ నుడికారంలో తేలదు. కొలోన్ కొలతలు చూశాక మంచమే పట్టుకుంటుందని నాకు నమ్మకం కుదిరింది.

వ్యోమగామి శిక్షణంటే చాలామందికి గిరగిర తిప్పే యంత్రాలు, ఎగిరే విమానాలు గుర్తొస్తాయి. నిజానికి దానిలో ఎక్కువ భాగం ఓపిక. 2021లో ఐరోపా అంతరిక్ష సంస్థ పిలుపునిస్తే 22,500 మందికి పైగా దరఖాస్తు చేసుకున్నారు. ఎంపికైనవారిలో ఐదుగురు 2023 ఏప్రిల్‌లో కొలోన్‌లో ప్రాథమిక శిక్షణ మొదలుపెట్టారు. ఆస్ట్రేలియా నుంచి కేథరిన్ బెన్నెల్-పెగ్ వాళ్లతో చేరింది. ఏడాది పాటు అంతరిక్ష కేంద్రం వ్యవస్థలు, రష్యన్ భాష, ప్రథమ చికిత్స, మంచులో బతికి బయటపడటం నేర్చుకున్నారు. విమానంలో భారరహిత స్థితిని కూడా రుచి చూస్తారు. ఆ విమానం ఏటవాలుగా ఎగబాకి, ఇంజిన్ల జోరు తగ్గించి, విసిరిన రాయిలా వంపు తిరుగుతుంది. ఒక్కో వంపుకు దొరికేది 22 సెకన్లు. ఒక ప్రయాణంలో ఇలాంటి వంపులు 31.

పది మీటర్ల లోతున్న నీళ్ల కొలను కొలోన్ శిక్షణకు గుండెకాయ. అంతరిక్ష నడకను నేర్పేది అక్కడే. శిక్షకులు సూట్‌కు బరువులు, తేలే ముక్కలు సరిచూసి, మునగకుండా తేలకుండా నీటి నడుమ నిలిచేలా చేస్తారు. దీనికో పరిమితి ఉంది. నీళ్లు సూట్‌ను మోస్తాయే కానీ సూట్ లోపలి మనిషి ఇంకా భూమి బరువులోనే ఉంటాడు. తలకిందులైతే రక్తం తలకెక్కుతుంది. నీటి అడ్డంకి కదలికను నెమ్మదింపజేస్తుంది. అంతరిక్షంలో ఆ అడ్డంకి లేక, ఒకసారి కదిపిన చెయ్యి ఆగదు. ఈ రెండు తేడాలను మనసులో పెట్టుకుని నేర్చుకోవాలి. హ్యూస్టన్‌లో నాసాకు ఉన్న పెద్ద కొలనులో బయట చేయబోయే ఒక్కో గంట పనికి దాదాపు ఏడు గంటలు నీళ్లలో సాధన చేయడం ఆనవాయితీ.

అంత సాధన ఎందుకో 2013 జులై 16న ఐరోపా వ్యోమగామి లూకా పార్మిటానోకు తెలిసింది. అంతరిక్ష కేంద్రం బయట పనిచేస్తుండగా అతని హెల్మెట్‌లోకి నీరు ఊరడం మొదలైంది. బరువు లేని నీరు కిందికి కారదు. ముఖానికి అతుక్కుని పాకుతుంది. కళ్లు, ముక్కు కప్పేసింది. చీకటి పడింది. నడుముకున్న తాడు లాగుతున్న దిక్కును బట్టి, చేతులు గుర్తుపెట్టుకున్న దారిని బట్టి ద్వారం దాకా చేరుకున్నాడు. లోపలికి వచ్చాక చూస్తే దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు. దాదాపు తొమ్మిదేళ్ల తరువాత, 2022 మార్చి 23న మథియాస్ మౌరర్ కూడా కేంద్రం బయట 6 గంటల 54 నిమిషాలు పనిచేసి లోపలికి వచ్చినప్పుడు హెల్మెట్‌లో తడి కనిపించింది. ఈసారి ప్రమాదమేమీ జరగలేదు. ఆ రోజు అతనితో పాటు బయట ఉన్నది రాజా చారి. చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టినవాడు, వాళ్లిద్దరూ ప్రయాణించిన నౌకకు నాయకుడు.

మౌరర్ ఇంకో పనికి కూడా ఏళ్ల తరబడి వెన్నుదన్నుగా ఉన్నాడు. 2024 సెప్టెంబరు 25న కొలోన్ ఆవరణలో లూనా అనే చంద్రతలం తెరిచారు. 700 చదరపు మీటర్ల హాలు, అందులో 900 టన్నుల బూడిదరంగు పొడి. ఆ ప్రాంతపు పాత అగ్నిపర్వత శిలను దంచి చేసిందది. ఆరు అపోలో యాత్రలు కలిపి తెచ్చిన చంద్రశిలలు, మట్టి 382 కిలోలే కనుక నడవడానికి ఇలాంటి నకలు మట్టే శరణ్యం. హాలులో దీపాలన్నీ ఆర్పి ఒక్క సూర్యదీపాన్ని నేలకు దగ్గరగా వెలిగిస్తారు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర సూర్యుడు ఎప్పుడూ అలాగే, మన సంక్రాంతి సాయంత్రపు పొద్దు కంటే కిందగా ఉంటాడు. చిన్న గులకరాయి నీడ కూడా మనిషంత పొడవు సాగుతుంది. గాలి లేని చోట నీడలోకి వెలుగు చిమ్మదు కనుక నీడంటే కటిక చీకటి. అందులో గుంట ఉందో రాయి ఉందో తెలియదు. పొడి సంగతి సరేసరి. చంద్రుడి మీద గాలీ నీరూ అరగదీయని ధూళి, గాజు పెంకుల్లా పదునుగా ఉంటుంది. 1972 డిసెంబరులో అపోలో-17లో వెళ్లిన హారిసన్ ష్మిట్‌కు నౌకలోకి వచ్చిన ఆ ధూళి వల్ల ముక్కు దిబ్బడ వేసింది.

మన దేశం ఈ దారిలో అడుగులు వేస్తున్న కాలమిది. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూట్-7లో యోగాసనాలు వేసింది కూడా ప్రయోగంలో భాగమే: బరువు లేని చోట కండరాల క్షీణతను యోగా ఏ మేరకు ఆపుతుందో చూడడానికి. 2025 జూన్ 25న బయల్దేరి జులై 15న తిరిగొచ్చిన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో చేసిన భారతీయ ప్రయోగాల్లో ఒకటి కండరం తనను తాను మరమ్మతు చేసుకునే తీరు మీదే. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ పరిశోధన సంస్థ దాన్ని పంపింది. ఇస్రో, ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 డిసెంబరులో వ్యోమగాముల శిక్షణ మీద ఒప్పందం చేసుకున్నాయి. కొలోన్ అనుభవం మనకు అందే దారి తెరిచి ఉంది.

ఆ దారిలో మనం తెచ్చుకోవలసింది కొలను, సెంట్రిఫ్యూజ్ మాత్రమే కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ కొలతలన్నీ ఎక్కువగా ఐరోపా, అమెరికా శరీరాలవి. మన తిండి వేరు, మనలో విటమిన్ డి లోటు విస్తారం, నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని లేచే అలవాటు వేరు. అలా కూర్చుని లేవడమే తొడలకు మనకు తెలియకుండా చేసే వ్యాయామమేమో, దాన్ని మానేసి కుర్చీలకెక్కాక మన పెద్దవాళ్ల ఎముకలకు ఏమవుతోందో మన పరిశోధనాలయాలు కొలవాలి. గగన్‌యాన్ కోసం నేర్చుకునే ప్రతి పాఠం జిల్లా ఆస్పత్రి ఎముకల వార్డులోని గోడ మీద, రోగి బంధువులకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి: ఏ రోజు కూర్చోబెట్టాలి, ఏ రోజు నిలబెట్టాలి, పడుకునే పాదంతో ఎన్నిసార్లు తన్నించాలి.

అరవయ్యో రోజు ముగిశాక కొలోన్‌లో మనిషిని వెంటనే నిలబెట్టరు. ఒక బల్లకు పట్టీలతో కట్టి, బల్లను మెల్లగా నిటారుకు లేపుతూ రక్తపోటు, గుండె లయ చూస్తారు. కొందరు కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పేలా ఉంటారు, వెంటనే దింపుతారు. తరువాత నేల మీద తొలి అడుగు. అప్పుడు ఎక్కువగా నొప్పి పెట్టేవి అరికాళ్లు. రెండు నెలలుగా ఏమీ మోయని అరికాలి చర్మం పసిపిల్లల పాదంలా మెత్తబడి ఉంటుంది. అంతరిక్షంలో ఏడాదికి దగ్గరగా ఉన్నవాళ్లకు అరికాళ్ల కాయలన్నీ ఊడిపోయి, పాదాన్ని కొక్కేలకు తగిలించి తగిలించి పైవైపు చర్మం గట్టిపడుతుంది.

మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అబ్బాయి ఇవేవీ చెప్పలేదు. నాన్నను పక్కకు తిప్పి, భుజం కింద చెయ్యి వేసి, "తాతగారూ, కాళ్లు కిందికి వేలాడేసి కాసేపు అలాగే కూర్చోండి, లేవడం తరువాత" అన్నాడు. నాన్న ముఖం పాలిపోయింది. కళ్లు మూసుకున్నారు. ఐదు నిమిషాల తరువాత తెరిచారు. రెండో రోజు పాదాలు నేలకు ఆనించారు. ఆనించి, కాలివేళ్లు ఒకసారి ముడిచి, విప్పి, "అరికాళ్లు మండుతున్నాయిరా" అన్నారు. ఆ అబ్బాయి వాకర్‌ను ముందుకు జరిపి, గుమ్మం దాకా ఎన్ని అడుగులో గచ్చు మీద బండలు లెక్కపెట్టాడు. తొమ్మిది.